ఎండలు ముదరకముందే ఇంటి పైపులు, ట్యాంకు, సంపు సిద్ధం చేసుకోవడం: తిరుపతి, చిత్తూరు వాసులు మీ అనుభవాలు చెప్పండి

ఎమ్మార్‌పల్లి ఇల్లాలు · మార్చి 12, ఉదయం 6:50

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు పాత్రలు కడగడానికి కుళాయి తిప్పితే మొదటి చెంబెడు నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా వచ్చాయి. మార్చి రెండో వారానికే ఇలా ఉంటే కర్తరిలో, రోహిణి కార్తెలో ఎలా ఉంటుందో తలచుకుంటేనే దిగులుగా ఉంది.

మాది ఇరవై ఏళ్ల కిందటి ఇల్లు. మిద్దె మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు, వాకిట్లో సంపు, వెనక బోరు. కార్పొరేషన్ నీళ్లు మా వీధికి రోజు విడిచి రోజు వస్తాయి. పోయిన మే నెలలో ఒకదాని వెంట ఒకటి మూడు దెబ్బలు తగిలాయి. బోరు మోటారు కాలిపోయింది. దాన్ని పైకి తీసి బాగు చేయించేలోపే మిద్దె మీది పైపు ఎల్బో దగ్గర పగిలి రాత్రికి రాత్రే ట్యాంకు ఖాళీ అయింది. సరే అని ట్యాంకరు తెప్పిస్తే, సంపు నిండిపోయాక మిగిలిన నీళ్లు నా కళ్ల ముందే వీధి కాలువలోకి పోయాయి. డబ్బిచ్చి కొన్న నీళ్లు అలా పోతుంటే ఏడుపొచ్చింది.

మా అత్తగారికి 82 ఏళ్లు. కాగిన నీళ్లు ఒంటి మీద పడితే తట్టుకోలేరు, బొక్కెన ఎత్తలేరు. ఈసారి ఏప్రిల్ రాకముందే అన్నీ సరిచేసుకోవాలని గట్టిగా అనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏది ప్లంబరుతో చేయించాలి, ఏది నేనే చూసుకోవచ్చు?

పైపుల పనివాడు · మార్చి 12, ఉదయం 9:15

అమ్మా, తిరుపతిలో 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మే నెలలో నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు మార్చిలో ఒక పూట చూసుకుంటే అసలు రాని పనులే.

మొదట ఖర్చు లేని పని చేయండి. రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకులో ఒక కర్ర నిలబెట్టి ఎంతవరకు తడిసిందో గీత పెట్టుకోండి. పొద్దున ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ అదే కర్ర పెట్టండి. వెయ్యి లీటర్ల ట్యాంకులో అంగుళం తగ్గిందంటే ఇరవై లీటర్లకు పైగా పోయినట్లే. తగ్గితే మరుసటి రాత్రి ట్యాంకు దగ్గరి గేటు వాల్వు కట్టేసి చూడండి. ఇప్పుడు తగ్గకపోతే దోషం ఇంటి లోపల ఉంది: కుళాయి, ఫ్లష్ ట్యాంకు, లేదా గోడలో పైపు. వాల్వు కట్టినా తగ్గుతుంటే ట్యాంకు నుంచి నీళ్లు దిగే చోట బిగించిన నిపుల్ (చిన్న అతుకు గొట్టం) చుట్టూ చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడండి. అక్కడ పొడిగా ఉంటే ఆ వాల్వే సరిగా పట్టడం లేదని అర్థం.

ఫ్లష్ ట్యాంకుకు చెంచాడు పసుపు చాలు. ట్యాంకులో కలిపి అరగంట ఎవరూ వాడకుండా వదిలేయండి. కింద బేసిన్‌లోకి పచ్చటి చార దిగిందంటే లోపలి వాషరు పని అయిపోయింది. ఇది పెద్దగా చప్పుడు చేయదు, తడి కనిపించదు. ఇళ్లలో ఎక్కువ నీళ్లు పోయేది దీని దగ్గరే, అందుకే ముందు ఇది చూడమంటాను.

గేటు వాల్వులన్నీ ఒకసారి పూర్తిగా కట్టి, తెరవండి. ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే సున్నం పేరుకుని బిగుసుకుపోతాయి. పైపు పగిలిన రాత్రి వాల్వు తిరగకపోతే ఏమీ చేయలేరు. బిగుసుకుంటే బలం ఉపయోగించకండి, కాడ విరిగి చేతికొస్తుంది. రెండు చుక్కల నూనె వేసి, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు తిప్పుతూ వదిలించాలి. అప్పటికీ తిరగకపోతే అది మార్చాల్సిన వాల్వు. ఆ పని మాత్రం ప్లంబరుకు వదిలేయండి.

కొంగారెడ్డిపల్లి మాస్టారు · మార్చి 12, మధ్యాహ్నం 1:30

వేడి నీళ్ల సంగతి నేను చెబుతాను. చిత్తూరులో ఇరవై ఆరు ఎండాకాలాలు మిద్దె మీది ట్యాంకుతో వేగినవాణ్ణి.

ముందు వేడి ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలి. కుళాయి తిప్పి రెండు బొక్కెనలు పట్టండి. మొదటిది కాగినట్లు ఉండి, రెండోది మామూలుగా ఉంటే వేడెక్కుతున్నది పైపు. మిద్దె మీద, పడమటి గోడ మీద ఎండకు పరిచిన పైపులో నిలిచిన నీళ్లవి. రెండో బొక్కెన కూడా అలాగే ఉంటే ట్యాంకే కాగుతున్నది. ఈ తేడా తెలియక మా పక్కింటివారు మంచి ట్యాంకు తీసేసి కొత్తది పెట్టించారు. వేడి తగ్గలేదు, ఎందుకంటే పైపు అలాగే ఉంది.

మా ఇంట్లో రెండూ ఉండేవి. పైపుకు గోనెపట్టా చుట్టి, దాని మీద తెల్ల ప్లాస్టిక్ పట్టీ చుట్టించాను. ట్యాంకుకు దక్షిణం, పడమర వైపుల నాలుగు వెదురు గడలు పాతి కొబ్బరి మట్టల పందిరి వేయించాను. ఉగాదికి వేస్తే తొలకరి దాకా ఉంటుంది.

ఇంకొకటి. సంపులో నీళ్లు భూమిలో ఉంటాయి కాబట్టి మే నెలలోనూ చల్లగానే ఉంటాయి. తెల్లవారుజామున ఐదింటికి మోటారు వేసి ట్యాంకు నిండా నింపుతాను. నిండు ట్యాంకు వేడెక్కడానికి చాలా సమయం పడుతుంది, అడుగున ఉన్న కొద్దిపాటి నీళ్లయితే పదకొండుకే కాగిపోతాయి. సాయంత్రం స్నానాలకు ముందు ఇంకో పావుగంట మోటారు వేస్తే వేడీ చలువా కలిసి సరిపోతాయి. మీ అత్తగారి కోసం ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు, పైసా ఖర్చు లేదు.

జీవకోన · మార్చి 12, సాయంత్రం 6:05

మేము ట్యాంకు చుట్టూ గోనె సంచులు కప్పి రోజూ తడుపుతాం. బాగా చల్లబడుతుంది. పందిరి కన్నా సులువు.

కట్టమంచి కోడలు · మార్చి 12, రాత్రి 8:40

జీవకోన గారూ, చల్లబడేది నిజమే. కానీ చిత్తూరులో వేసవిలో మేము బిందెలు లెక్కపెట్టుకుని బతికాం. రోజుకు రెండు బొక్కెనల నీళ్లు సంచుల మీద పోయడానికి నాకు చేయి రాదు. బట్టలు జాడించిన నీళ్లతో తడిపి చూశాను. సబ్బు వాసనకు సంచులు నెలలో కుళ్లి దోమలు చేరాయి. నీడ ఒక్కటే నీళ్లు అడగని చలువ. మాస్టారు చెప్పిన పందిరి పద్ధతికే నా ఓటు.

పైపుల పనివాడు · మార్చి 12, రాత్రి 9:20

మాస్టారు పైపు మాట ఎత్తారు కాబట్టి, అమ్మ ఇంట్లో ఎల్బో ఎందుకు పగిలిందో చెబుతాను. తెల్ల పీవీసీ పైపు చేత్తో పట్టుకుంటే గట్టిగానే ఉంటుంది. ఏళ్ల తరబడి నేరుగా ఎండ తగిలితే పైన పసుపు రంగుకు తిరిగి, సుద్దలా పొడి రాలుతుంది. గోటితో గీరితే తెలుస్తుంది. అంతకు వచ్చిందంటే లోపల పెళుసెక్కినట్లే. మోటారు కట్టినప్పుడు నీళ్లు వెనక్కి కొట్టే దెబ్బకు అతుకుల దగ్గరే విరుగుతుంది. వేడి నీళ్లకు వాడే సీపీవీసీ పైపు 90 డిగ్రీల వేడికి కూడా తట్టుకుంటుంది, కానీ దానికీ ఎండ పడదు. రెండింటికీ కప్పు ఉండాల్సిందే.

పైపు బాగుంటే తెల్ల రంగు రెండు పూతలు వేయండి. గోడలకు వేసే నీళ్ల రంగు మాత్రమే. నూనె రంగుల్లో కలిపే ద్రావకాలు ప్లాస్టిక్‌ను తినేస్తాయి. పొడి రాలుతుంటే రంగు వేసి దాచకండి, ఆ ముక్క మార్పించండి. మార్చేటప్పుడు ఎండ తగ్గాక, సాయంత్రం పూట అతికించమనండి. మధ్యాహ్నం కాలిపోతున్న పైపుకు సొల్యూషను రాస్తే అతుకు కూర్చునేలోపే ఆరిపోతుంది. అలాంటి అతుకే రెండు వారాల్లో ఊడుతుంది, మాట పడేది ప్లంబరు.

మోటార్ల చుట్టుడు పని · మార్చి 13, ఉదయం 10:10

రేణిగుంట రోడ్డులో మోటార్లు చుడతాను. ఎండాకాలంలో నా దగ్గరికి వచ్చే బోరు మోటార్లు ఎక్కువగా ఒకే కారణంతో వస్తాయి. నీళ్లు లేకుండా తిరిగాయి.

బోరులో దించిన మోటారుకు చుట్టూ ఉన్న నీళ్లే చలువ. నీటిమట్టం పంపు కన్నా కిందికి జారితే అది గాలి పీలుస్తూ తిరుగుతుంది, లోపల వేడి పెరిగి తీగ మీది పూత కాలిపోతుంది. కాలే ముందు చెప్పే వస్తుంది: పైన ట్యాంకులో పడే ధార బుసబుసమంటూ గాలితో కలిసి, ఆగి ఆగి పడుతుంది. ఆ చప్పుడు వినగానే స్విచ్చి కట్టేయాలి. ఇంకో ఐదు నిమిషాలు చూద్దామని ఊరుకుంటే మోటారు చేతికి రాదు.

మీ బోరు ఇప్పుడు ఎంత ఇస్తున్నదో కొలవండి. ఇరవై లీటర్ల బొక్కెన, చేతి గడియారం చాలు. బొక్కెన ఎన్ని సెకన్లలో నిండింది, ఎన్ని నిమిషాల తర్వాత ధార సన్నబడింది, రాసిపెట్టుకోండి. పదిహేను రోజులకోసారి ఇలాగే కొలిస్తే బోరు తగ్గుతున్న తీరు మీకే తెలుస్తుంది. ధార అరగంటకు సన్నబడుతుంటే ఇరవై నిమిషాలే వేయండి, కొన్ని గంటలు ఊరనివ్వండి, మళ్లీ వేయండి. నీళ్లు లేనప్పుడు తనంతట తానే కట్టేసే పరికరం ఉంటుంది, స్టార్టరు పెట్టెలో బిగిస్తారు. దాని ఖర్చు మోటారు ఒకసారి పైకి తీసి, చుట్టించి, దించే ఖర్చు కన్నా బాగా తక్కువ.

వేసవిలో సాయంత్రం పూట వోల్టేజీ పడిపోతుంది. తక్కువ వోల్టేజీలో మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అందుకని మాస్టారు చెప్పిన తెల్లవారుజాము వేళ మోటారుకు కూడా మంచిది.

మురకంబట్టు · మార్చి 13, మధ్యాహ్నం 12:45

ఇంత బాధ ఎందుకు? పాత బోరు వదిలేసి వెయ్యి అడుగులు వేయించుకుంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదు కదా.

కొంగారెడ్డిపల్లి మాస్టారు · మార్చి 13, మధ్యాహ్నం 3:00

నాయనా, మా వీధిలో ఆ మాట విని ముగ్గురు బోర్లు వేయించారు. ఒకటి పడింది, రెండు దుమ్ము లేపి ఆగాయి. పడినది కూడా రెండేళ్లకు తగ్గింది, దాంతో పాటు చుట్టుపక్కల పాత బోర్లూ తగ్గాయి. మన నేల అడుగున ఉన్నది రాతి పొరలు. నీళ్లు పగుళ్లలో ఉంటాయి. లోతుకు పోయినంత మాత్రాన పగులు తగలాలని లేదు. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కూడా తీసుకోవాలి. పసుపు పరీక్షకు అనుమతి అక్కర్లేదు. ఇంట్లో కారుతున్నది ఆపిన తర్వాత కూడా చాలకపోతే అప్పుడు బోరు గురించి ఆలోచిద్దాం.

మురకంబట్టు · మార్చి 13, రాత్రి 7:30

మాస్టారూ, మా నాన్న కూడా సరిగ్గా ఇదే అన్నారు. ఈ రాత్రి కర్ర పెట్టి చూస్తాను.

భవానీనగర్ అపార్టుమెంటు · మార్చి 13, రాత్రి 9:05

ట్యాంకరు నీళ్లు వీధిపాలైన సంగతికి వస్తాను. మా 24 ఇళ్ల సముదాయానికి నీటి లెక్కలు చూసేది నేనే. ట్యాంకరు పిలిచే ముందు సంపు కొలవడం మా మొదటి నియమం.

లోపలి కొలతలు అడుగుల్లో తీసుకుని పొడవు, వెడల్పు, లోతు హెచ్చించి 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు 6 అడుగుల పొడవు, 5 వెడల్పు, 5 లోతు ఉన్న సంపు 150 ఘనపుటడుగులు, అంటే సుమారు 4,250 లీటర్లు. అంతా మీది కాదు. పైన నీళ్లు వచ్చే పైపు దగ్గర అర అడుగు వదలాలి. కింద మోటారు పైపు చివరనున్న ఫుట్ వాల్వు అందుకోలేని అర అడుగులో ఎప్పుడూ నీళ్లు ఉంటాయి. మిగిలేది 4 అడుగుల లోతు, 120 ఘనపుటడుగులు, సుమారు 3,400 లీటర్లు. అలాంటి సంపులో 5,000 లీటర్ల ట్యాంకరు పోయిస్తే పదహారు వందల లీటర్లు వీధికే. పక్కింటివారితో మాట్లాడుకుని ఒక ట్యాంకరు ఇద్దరూ పంచుకోండి. రెండో సంపుకు అందేటంత పొడవు గొట్టం ఉందో లేదో ముందే అడగండి.

ఇంకో సంగతి కొంచెం కోపంగానే చెబుతున్నాను, మన్నించండి. వీధి పైపుకు నేరుగా మోటారు బిగించి కార్పొరేషన్ నీళ్లు లాగేవాళ్లు ఉన్నారు. చివరి ఇళ్లకు చుక్క రాదు. పైగా అలా లాగినప్పుడు భూమిలోని పాత పైపుకు ఎక్కడైనా చీలిక ఉంటే పక్క మురుగు కాలువ నీళ్లు కూడా లోపలికి పీల్చుకుంటుంది. వేసవిలో వీధిలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకేసారి విరేచనాలైతే నాకు ముందు వచ్చే అనుమానం ఇదే. నీళ్లు తమంతట తాము సంపులోకి పడనివ్వండి, అక్కడి నుంచి ఎంతైనా లాగండి. తిరుపతికి నీళ్లు కల్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ ద్వారా కండలేరు నుంచి ఎంతో దూరం నడిచి వస్తాయి. చివరి వంద అడుగుల్లో మురుగు కలుపుకోవడం అన్యాయం.

చంద్రగిరి · మార్చి 14, ఉదయం 7:20

సంపు కడగాల్సిన నెల కూడా ఇదే. వానల తర్వాత, భూమిలో ఊట పైదాకా ఉన్నప్పుడు సంపు పూర్తిగా ఖాళీ చేయకూడదు. చుట్టూ ఉన్న నీళ్లు ఖాళీ సంపును ఓడను తేల్చినట్లు పైకి నెడతాయి. 2021 నవంబరు వరదల తర్వాత తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. సిమెంటు వరలతో కట్టిన సంపును లోపల దిగి శుభ్రం చేస్తుండగా అది భూమిలోంచి పైకి లేచి నిలబడింది. లోపల ఉన్న ఆవిడ ప్రాణాలతో బయటపడ్డారు. ఊట బాగా దిగిపోయిన మార్చి, ఏప్రిల్‌లలో ఆ భయం లేదు.

మంగళం నర్సు · మార్చి 14, ఉదయం 11:40

సంపు కడగడం గురించి నాకు తెలిసినంత చెబుతాను. దయచేసి ఎవరూ దీన్ని తేలికగా తీసుకోకండి.

మూత తీసిన వెంటనే దిగవద్దు. మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తగ్గి ఉండవచ్చు, చూస్తే తెలియదు. దిగినవాళ్లు కేక వేయకుండానే కుప్పకూలుతారు, వాళ్లను తీయడానికి దిగిన రెండో మనిషి కూడా పడిపోతారు. మూతలన్నీ తీసి కొన్ని గంటలు గాలి ఆడనివ్వాలి. మోటారు స్విచ్చి కట్టేసి ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోవాలి. దిగే మనిషి నడుముకు తాడు కట్టాలి, ఆ తాడు పట్టుకుని ఒకరు పైనే ఉండాలి. పెట్రోలు, డీజిలు ఇంజన్లు సంపులోకి దింపకూడదు, వాటి పొగే ప్రాణం తీస్తుంది. తల తిరుగుతోందని లోపలి మనిషి అంటే ఇంకో మాట లేకుండా పైకి లాగేయాలి.

గోడలు కొబ్బరి పీచుతో రుద్ది మడ్డి ఎత్తేశాక, వెయ్యి లీటర్ల నీళ్లకు 150 గ్రాముల తాజా బ్లీచింగు పొడి లెక్కన కలిపి గోడలకు తగిలేలా నిలబెట్టి, కొన్ని గంటల తర్వాత ఆ నీళ్లు పారబోసి మంచి నీళ్లతో కడగాలి. ఈ పొడి కలిపేది పనివాళ్లు పైకి వచ్చాకే. తర్వాత రోజువారీ నీళ్లకైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు, కలిపిన అరగంట తర్వాత వాడుకోవచ్చు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో మాత్రం బ్లీచింగు ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది. అలా ఊపిరాడక ఆసుపత్రికి వచ్చిన ఒక తల్లిని నేను చూశాను, ఆ దగ్గు ఇంకా నా చెవుల్లో ఉంది.

కొర్లగుంట అద్దెదారు · మార్చి 14, సాయంత్రం 5:15

మాది అద్దె ఇల్లు. స్నానాల గదిలో కుళాయి చుక్కలు కారుతోందని ఇంటి యజమానికి చెబితే చుక్కలేగా అన్నారు. రాత్రి పదింటికి కింద చెంబు పెట్టి, పొద్దున ఆరింటికి కొలిచాను. లీటరున్నర. అంటే రోజుకు నాలుగున్నర లీటర్లు, నెలకు 135. ఒక మనిషికి ఒక రోజుకు ప్రభుత్వం లెక్కగట్టే నీళ్లు 135 లీటర్లని భవానీనగర్ గారు ఇంకో చర్చలో రాశారు. నెలకోసారి మా ఇంట్లో కనిపించని మనిషి ఒకరు నీళ్లు వాడుకుని వెళుతున్నట్లు లెక్క. ఈ మాట చెంబుతో సహా చూపించి చెప్పాను. మరునాడు యజమానిగారే వాషరు తెచ్చి ఇచ్చారు.

శేషాచలం నీడ · మార్చి 14, రాత్రి 8:10

మిద్దె మీద గాజు గొట్టాల సోలార్ హీటరు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. మాకు పోయిన ఏప్రిల్‌లో నాలుగు గొట్టాలు పగిలాయి. ట్యాంకు ఎండిపోయి గొట్టాలు ఖాళీగా మధ్యాహ్నం దాకా ఎండలో ఉన్నాయి. ఒంటి గంటకు నీళ్లు రాగానే సంతోషంగా మోటారు వేశాను. చల్లటి నీళ్లు తగలగానే టప్ టప్ మని ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. ఖాళీగా కాగిన గొట్టాల్లోకి పగలు నీళ్లు వదలకూడదు. పొద్దు కుంకి అవి చల్లబడ్డాక, లేదా సూర్యోదయానికి ముందు నింపాలి. వేసవిలో వేడి నీళ్లు వాడనివాళ్లు గొట్టాల్లో నీళ్లు ఉంచి, పైన పాత దుప్పటో టార్పాలినో కప్పేయండి. హీటరు పైన నిలబెట్టిన గాలి పైపు మూసుకుపోలేదని కూడా చూసుకోండి. ఆవిరికి అదే దారి.

ఎమ్మార్‌పల్లి ఇల్లాలు · మార్చి 15, ఉదయం 6:30

ఇన్ని జాగ్రత్తలు ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. అందరికీ నమస్కారాలు. ఒకటి అడగాలి. పిల్లల సెలవుల్లో మే నెలలో పదిహేను రోజులు మా పుట్టింటికి వెళతాం. అత్తగారిని కూడా తీసుకువెళతాం. ఇల్లు తాళం వేసి వెళ్లేటప్పుడు ఏం చేయాలి?

పైపుల పనివాడు · మార్చి 15, ఉదయం 8:00

ట్యాంకు దగ్గరి వాల్వు కట్టేయండి. వీధి నుంచి సంపుకు వచ్చే వాల్వు కూడా. గీజరు స్విచ్చి కట్టేయండి. కూలరు తొట్టి పూర్తిగా ఒంచి, ఎండలో ఆరబెట్టి వెళ్లండి.

అందరూ మరిచిపోయేది స్నానాల గది జాలీ. దాని కింద వంపులో రెండంగుళాల నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు వాసనను, బొద్దింకలను ఆపేది ఆ నీళ్లే. ఎండాకాలంలో తాళం వేసిన ఇంట్లో ఆ నీళ్లు ఆవిరైపోతాయి, తిరిగొచ్చి తలుపు తీయగానే వాసన కొడుతుంది. వెళ్లే రోజు ప్రతి జాలీలో ఒక చెంబు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయండి. నూనె తెట్టు కింద నీళ్లు అంత త్వరగా ఆరవు. వంటగది సింకుకు, వాష్ బేసిన్‌కు కూడా ఇలాగే.

తిరిగి వచ్చాక వాల్వు ఒకేసారి తెరవకండి. కొద్దికొద్దిగా తెరిచి, అన్నిటికన్నా కిందనున్న కుళాయి తిప్పి ఉంచండి. గాలి గుర్రుమంటూ పోయి నీళ్లు నిండుగా వచ్చాక కట్టండి.

మంగళం నర్సు · మార్చి 15, ఉదయం 9:30

ట్యాంకు మూత గట్టిగా పడుతోందా, పొంగు పైపు మూతికి సన్నటి జాలీ గుడ్డ కట్టి ఉందా చూడండి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. పదిహేను రోజులు కదలకుండా నిలిచిన మంచి నీళ్లంటే దానికి పుట్టిల్లు.

లీలామహల్ దగ్గర · మార్చి 15, సాయంత్రం 4:20

బోరు నీళ్ల సున్నం గురించి ఒక్క మాట. ధార సన్నగా వస్తోందని మోటారు మార్చేవాళ్లున్నారు. ముందు కుళాయి మూతికి ఉన్న చిన్న జల్లెడ, షవరు పళ్లెం విప్పి నిమ్మరసంలోనో వెనిగరులోనో రాత్రంతా నానబెట్టి పాత పళ్ల బ్రష్షుతో రుద్దండి. మాకు ధార అప్పటికప్పుడే రెట్టింపైంది.

ఎమ్మార్‌పల్లి ఇల్లాలు · మార్చి 24, రాత్రి 9:00

పది రోజుల్లో చేసింది చెబుతాను.

కర్ర పరీక్షలో మొదటి రాత్రి అంగుళంన్నర తగ్గింది. వాల్వు కడితే ఏమీ తగ్గలేదు. రెండు మరుగుదొడ్లలోనూ పసుపు కలిపాను. కింది దాంట్లో ఏమీ లేదు. అత్తగారి గది పక్కనున్న దాంట్లో పది నిమిషాలకే పచ్చటి చార దిగింది. అత్తగారు కూడా చేతికర్ర పట్టుకుని వచ్చి చూశారు. "రాత్రిళ్లు సన్నగా ఏదో పారుతున్నట్లు వినిపిస్తోందని రెండేళ్లుగా చెబుతున్నాను, నా చెవులకు వయసైందన్నారు" అన్నారు. తలుపు పక్కనే పడుకునే మనిషి మాట మేమే పట్టించుకోలేదు. నాకు చాలా బాధనిపించింది, ఆమె చేయి పట్టుకుని క్షమించమన్నాను. లోపలి వాషరు మార్చాక కర్ర మీద గీత రాత్రంతా కదలడం లేదు.

మిద్దె మీది పైపు గోటితో గీరితే పొడి రాలింది. ఆ ముక్కంతా సాయంత్రం పూట మార్పించి తెల్ల రంగు వేయించాను. సంపు కొలిస్తే వాడుకోదగినది 3,100 లీటర్లే. ఎదురింటి వాళ్లతో మాట్లాడాను, ఈసారి ట్యాంకరు కలిసి తెప్పించుకుంటాం. బోరు ఇరవై లీటర్ల బొక్కెనను 40 సెకన్లలో నింపుతోంది, 25 నిమిషాలకు ధార సన్నబడుతోంది. గోడ మీది క్యాలెండరులో ఉగాది పక్కనే రాసిపెట్టాను. నీళ్లు లేకపోతే కట్టేసే పరికరం బిగించారు. కొబ్బరి మట్టలు దొరకక ట్యాంకుకు ఆకుపచ్చ నీడ వల చుట్టి తాడుతో బిగించాను. తెల్లవారుజామున నింపడం మొదలుపెట్టాక సాయంత్రం నీళ్లు గోరువెచ్చగా ఉంటున్నాయి, అత్తగారు హాయిగా పోసుకుంటున్నారు. మధ్యాహ్నం మాత్రం ఇంకా కొంచెం వేడిగానే ఉన్నాయి.

కొంగారెడ్డిపల్లి మాస్టారు · మార్చి 25, ఉదయం 6:15

అమ్మా, వల ట్యాంకుకు ఆనించి చుట్టి ఉంటారు. అలా చుడితే వల కాగి ఆ వేడి ట్యాంకుకే అందుతుంది. నాలుగు గడలు పాతి, ట్యాంకుకు మూరెడు ఎడంగా, పైన కూడా పందిరిలా కట్టండి. మధ్యలో గాలి ఆడాలి. పడమటి వైపు నేల దాకా దించండి. గడలకు తాడు గట్టిగా బిగించండి, మే నెల గాలివానకు వల ఎగిరి కరెంటు తీగల మీద పడకుండా.

ఎమ్మార్‌పల్లి ఇల్లాలు · మార్చి 25, సాయంత్రం 6:40

మీరు చెప్పినట్లే విప్పి, గడలు పాతి ఎడంగా కట్టించాను మాస్టారూ. ఈరోజు రెండింటికి రెండో బొక్కెన పట్టి చూశాను. చేయి హాయిగా పెట్టగలిగాను.